లాడ్ బజారు దుకాణానికి ఎన్ని టన్నులు? - వేడి లెక్కకు ఒక చిన్న చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. ఆనకట్టల గురించి, విద్యుత్ కేంద్రాల గురించి సాధికారంగా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. కనుక నేను ఎవరూ అంతగా పట్టించుకోని ఒక కాగితం చరిత్రను ఎంచుకున్నాను. ఆ కాగితం పేరు హీట్ లోడ్ షీటు. పుస్తకాల తెలుగులో ఉష్ణభారం లెక్క అనవచ్చు. ఒక గదిని చల్లగా ఉంచాలంటే గంటకు ఎంత వేడిని బయటికి తోడిపోయాలి, చలికాలంలో వెచ్చగా ఉంచాలంటే ఎంత వేడిని లోపలికి పంపాలి అన్నది పద్దులవారీగా తేల్చి, సంతకం చేసి పై అధికారికి సమర్పించే నివేదిక అది. సివిల్ మిత్రులకు ఎస్టిమేటు ఎలాగో, ఎయిర్ కండిషనింగ్ విభాగంలో పనిచేసిన మాబోటివారికి ఈ షీటు అలాగ.

ఉదాహరణకు లాడ్ బజారును తీసుకుంటున్నాను. చార్మినార్ నుంచి పడమరగా మహబూబ్ చౌక్ వైపు సాగే ఆ గాజుల వీధి మనందరికీ పరిచయమే. ఇళ్లలో పెళ్లి జరిగితే ఆడవారు అక్కడికి వెళ్లకుండా ఉండరు. వేడి లెక్కలోని పాత పాఠాలు, కొత్త పాఠాలు, ఇంకా ఎవరూ రాయని ఒక పాఠం, మూడూ ఆ ఒక్క వీధిలోనే కనిపిస్తాయి.

లెక్క లేని రోజుల కట్టడం

చార్మినార్ కట్టినది 1591లో. దానికి పడమరగా ఉన్న ఈ బజారు కూడా కుతుబ్ షాహీల కాలం నుంచీ వస్తున్నదే. పడమటి కొసన ఉన్న మహబూబ్ చౌక్ గడియార స్తంభాన్ని 1892లో ప్రధానమంత్రి ఆస్మాన్ జా కట్టించారు. వీధికి కాస్త దక్షిణంగా చౌమహల్లా ప్యాలెస్. దాని నిర్మాణం 1750 ప్రాంతంలో మొదలై అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857-1869 మధ్య, పూర్తయింది.

ఆ మేస్త్రీలకు థర్మామీటరు లేదు, పట్టికలు లేవు. అయినా వారి కట్టడాలను నేటి పట్టికలతో సరిచూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ముందుగా వీధి దిక్కు చూడండి. లాడ్ బజారు సుమారుగా తూర్పు పడమరలుగా సాగుతుంది. కనుక దుకాణాల ముఖాలు ఉత్తరానికో దక్షిణానికో ఉంటాయి. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరొకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు కొద్దిగా ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. అంటే మండు వేసవిలో దుకాణం ముఖం మీద ఎండ నేరుగా పడేది చాలా తక్కువ. అడుగున్నర చజ్జాయో ఒక గుడ్డ పందిరో ఉంటే ఆ కాస్తా ఆగిపోతుంది. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు గనుక, దక్షిణ ముఖం దుకాణాలకు చలికాలపు ఎండ అందుతుంది. తూర్పు పడమరల ముఖం ఉన్న దుకాణాలకు ఈ సౌకర్యం లేదు. పొద్దున ఒకరికి, సాయంత్రం ఒకరికి ఎండ అడ్డంగా లోపలికి వచ్చేస్తుంది.

రెండవది గోడ. గానుగ సున్నంతో కట్టిన అడుగున్నర మందం గోడలో వేడి లోపలి ముఖానికి చేరడానికి పది గంటలకు పైగా పడుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు బయటి ముఖం కాలిపోతున్నా, ఆ వేడి లోపలికి వచ్చేసరికి దుకాణదారు గల్లాపెట్టె లెక్క చూసుకుని తాళం వేసి ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. ఇదే గోడ ఇంటికైతే రాత్రి పడుకునే వేళకు వేడి వదులుతుంది. అందుకే పాతబస్తీలో వేసవి రాత్రుళ్లు పడకలు మిద్దె మీదికి చేరేవి. గోడ పగలంతా కాపాడేది, రాత్రి మనుషులే దానికి దూరంగా జరిగేవారు. దీనికి తోడు ఎత్తైన కప్పులు, నడుమ వాకిళ్లు, తడిపిన వట్టివేళ్ల తడికలు. మే నెల గాలి పొడిగా ఉండే మన ఊళ్లో తడి తడికకు మంచి ఫలితమే ఉండేది.

1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టీ బజారును రాతి కమానులతో కట్టించింది. అక్కడ కూడా దుకాణం ముందు కప్పు ఉన్న నడవ వదిలారు. కొనుగోలుదారు నీడలో నడుస్తాడు, దుకాణం గోడకు ఎండ తగలదు. ఒక్క కట్టడంతో రెండు పనులు జరిగాయి.

లెక్క పుట్టింది చలి దేశంలో

హీట్ లోడ్ లెక్క పుట్టినది మనలాంటి ఎండ దేశంలో కాదు. ఇంగ్లండులో థామస్ ట్రెడ్‌గోల్డ్ 1824లో ప్రజా భవనాలను వెచ్చగా ఉంచడం మీద పుస్తకం రాశాడు. ఫ్రాన్సులో పెక్లే 1829లో వేడిని గురించి పెద్ద గ్రంథం వెలువరించాడు. బెర్లిన్‌లో హెర్మన్ రీట్షెల్ అనే ఆచార్యుడు 1893లో వెంటిలేషన్, హీటింగ్ లెక్కలకు పాఠ్యగ్రంథం కూర్చాడు. వీరందరి సమస్య ఒక్కటే. బయట మంచు కురుస్తున్నది, లోపల ఎంత బొగ్గు కాల్చాలి?

ఆ లెక్క సులభం. గోడ వైశాల్యాన్ని, దాని గుండా వేడి పారే గుణకాన్ని, లోపలి బయటి ఉష్ణోగ్రతల తేడాను గుణిస్తే సరిపోతుంది. నడిరేయిని లెక్కకు తీసుకుంటారు గనుక ఎండ ఉండదు. గదిలోని మనుషుల వేడినీ దీపాల వేడినీ వదిలేసినా నష్టం లేదు. అవి పొయ్యికి సాయమే చేస్తాయి. వదిలేసినందువల్ల పొయ్యి కాస్త పెద్దదవుతుంది, అంతే.

చల్లబరిచే లెక్కలో ఇది తలకిందులవుతుంది. ఎండ, మనుషులు, దీపాలు, తలుపు సందున వచ్చే గాలి, గాలిలోని తేమ అన్నీ భారమే. ఏది వదిలినా యంత్రం చాలదు. పైగా కాలం కూడా లెక్కలోకి వస్తుంది. పొద్దున గోడకు తగిలిన వేడి సాయంత్రం లోపలికి వస్తుంది. ఈ రెండో లెక్కకు దారి వేసినవాడు అమెరికాకు చెందిన విల్లిస్ కారియర్. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో తేమ వల్ల కాగితం సాగి రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోకపోతుంటే, గాలిలోని తేమను అదుపు చేసే ఏర్పాటు రూపొందించాడు. 1911 డిసెంబరులో గాలి, తేమల సంబంధాన్ని సూత్రాలుగా తన వృత్తి సంఘం ముందు ఉంచాడు. తడి బల్బు, పొడి బల్బు అని మనం వాడిన సైక్రోమెట్రిక్ చార్టుకు ఆధారం అదే.

గోడలో కాలం ఆలస్యం చేసే లెక్కను 1944లో మాకీ, రైట్ అనే ఇద్దరు ఇంజనీర్లు చక్కబెట్టారు. ఎండ దెబ్బను, గాలి వేడిని కలిపి ఒకే ఊహా ఉష్ణోగ్రతగా తీసుకుని, గోడ మందాన్ని బట్టి ఎన్ని గంటల తరువాత ఎంత వేడి లోపలికి వస్తుందో చెప్పారు. ఆ తరువాత వచ్చిన పట్టికలన్నీ ఈ దారినే నడిచాయి. మన పాత మేస్త్రీ చేతితో చేసినది అప్పటికి అంకెల్లోకి వచ్చిందన్నమాట.

ఇక టన్ను సంగతి. ఏసీని టన్నులలో ఎందుకు కొలుస్తారని మనవలు అడుగుతుంటారు. రెండు వేల పౌన్ల మంచుగడ్డ, అంటే ఒక అమెరికన్ టన్ను, ఇరవైనాలుగు గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో అది ఒక టన్ను. గంటకు 12,000 బిటియులు, నేటి లెక్కలో 3.5 కిలోవాట్లు. మంచుగడ్డలు అమ్ముకునే కాలపు మాట ఇంకా మన బిల్లుల మీద బతికి ఉంది.

షీటు మన చేతికి వచ్చాక

నేను 1970లలో ఉద్యోగంలో చేరేనాటికి మా బల్ల మీద ఉన్నవి ఒక స్లైడ్ రూలు, కారియర్ కంపెనీ 1965లో అచ్చువేసిన లావుపాటి చేతిపుస్తకం, అందులోని ఇ-20 అనే ఫారం. దేశమంతటా ఆ ఫారమే నడిచింది. ఎడమవైపు అద్దాలు, గోడలు, కప్పు, లోపలి భారాలు వరుసగా ఉండేవి. చివరన టన్నులు వచ్చేవి. 1970లో వచ్చిన మన జాతీయ భవన నియమావళి, 1983, 2005, 2016 లలో వచ్చిన దాని సవరణ ప్రతులు, 1987 నాటి భారతీయ ప్రమాణాల సంస్థ చేతిపుస్తకం మన దేశపు గోడలకు, కప్పులకు అంకెలు సమకూర్చాయి. 1981లో ఢిల్లీలో మన దేశపు రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ఇంజనీర్ల సంఘం ఏర్పడింది.

పరాయి దేశపు ఫారాన్ని మన ఊరికి సరిచేసుకోవలసినవి కొన్ని ఉండేవి. హైదరాబాదు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి సాంద్రత తీరప్రాంతంతో పోలిస్తే వందకు తొంభైనాలుగు పాళ్లే. గాలి పద్దుల గుణకం ఆ మేరకు తగ్గించాలి. బయటి ఉష్ణోగ్రత మేము 106 ఫారెన్‌హీట్, అంటే 41 సెల్సియస్, తీసుకునేవాళ్లం. 1966 జూన్ 2న నగరంలో 45.5 నమోదైన మాట నిజమే. కాని అటువంటి ఒక్కరోజు కోసం యంత్రాన్ని పెంచితే మిగతా ఏడాదంతా అది ఆగి ఆగి నడుస్తుంది, వానాకాలంలో తేమ తియ్యదు.

షీటులో రెండవ భాగం హీటింగ్. హైదరాబాదు దుకాణానికి అక్కడ మేము సున్నా రాసేవాళ్లం. జనవరి రాత్రుళ్లు పదిహేను డిగ్రీల దగ్గర ఉన్నా, దుకాణం తెరిచే వేళకు మనుషులూ దీపాలూ ఇచ్చే వేడే గదికి సరిపోతుంది. మా పై అధికారి ఒకరు ఆ గడి ఖాళీగా వదిలితే షీటు తిప్పి పంపేవారు. సున్నా అంటే లెక్క చూసి లేదని తేల్చినట్లు, ఖాళీ అంటే చూడనే లేదన్నట్లు అని ఆయన మాట. ఆ తేడా నాకు తరువాత వేరే చోట పనికివచ్చింది. ఆ సంగతి ముందు చెబుతాను.

ఒక దుకాణం, ఆరు పద్దులు

ఇప్పుడు లాడ్ బజారులో ఒక ఊహా దుకాణాన్ని లెక్కవేద్దాం. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు, పైన ఎండకు తెరిచి ఉన్న అయిదు అంగుళాల శ్లాబు. ముందు ఎనభై చదరపుటడుగుల అద్దం, ఉత్తర ముఖం. వెనుక తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. రెండు పక్కలా వేరే ఏసీ దుకాణాలు, కనుక ఆ గోడల భారం లేదు. లోపల 75 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 24 సెల్సియస్, కావాలి. వేళ మే నెల సాయంత్రం నాలుగు గంటలు. పద్దులన్నీ గంటకు బిటియులలో.

కప్పు: 5,400.
అద్దం: వేడి పారడం వల్ల 2,800, ఆకాశపు వెలుగు వల్ల 1,200, మొత్తం 4,000.
వెనుక గోడ: 1,200.
మనుషులు: ఎనిమిది మంది, ఒక్కొక్కరికి 450 చొప్పున 3,600.
దీపాలు: వెయ్యి వాట్లు, 3,400.
తలుపు గాలి: నిమిషానికి 150 ఘనపుటడుగులు, 4,700.

మొత్తం 22,300. టన్నుకు 12,000 చొప్పున 1.86 టన్నులు. ఇతరత్రా చిల్లర కలిపి రెండు టన్నులు అని రాస్తాము. మే నెల గాలి పొడి గనుక బయటి తేమ వల్ల భారం కొద్దిగానే. జులైలో ఎండ తగ్గి తేమ పద్దు పెరుగుతుంది.

ఈ పద్దులను ఒకసారి నెమ్మదిగా చదవండి. అన్నిటికంటే పెద్దది కప్పు. నడినెత్తి సూర్యుడి దేశంలో కప్పే మొదటి శత్రువు అని పద్దే చెబుతోంది. అయిదు అంగుళాల శ్లాబు మూడు నాలుగు గంటలు మాత్రమే వేడిని ఆపుతుంది గనుక, మధ్యాహ్నం పన్నెండున్నర ఎండ సరిగ్గా సాయంత్రపు గిరాకీ మొదలయ్యే వేళకు లోపలికి దిగుతుంది. పాత గచ్చు మిద్దె స్థానంలో శ్లాబు రావడంతో వేడి వచ్చే వేళ మారిపోయింది.

దీపాల పద్దు కూడా గమనించదగినది. గాజుల మీది రాళ్లు మెరవాలంటే వెలుగు కావాలి. ఇరవై హాలోజన్ దీపాలు, ఒక్కొక్కటి యాభై వాట్లు అయితే వెయ్యి వాట్లు. నేటి ఎల్ఇడి దీపాలతో ఆ వెలుగే 250 వాట్లకు వస్తుంది. పద్దు 3,400 నుంచి 850కి దిగుతుంది. కప్పుకు తెల్లటి పూత వేసి, దాని మీద పెంకులో వేడినాపే పలకలో పరిస్తే ఆ పద్దు సగానికి, 2,700కి, తగ్గించవచ్చు. అప్పుడు మొత్తం 17,050. అంటే 1.42 టన్నులు. గిరాకీ తగ్గకుండానే, గది వేడెక్కకుండానే రెండు టన్నులు ఒకటిన్నర దగ్గరకు వచ్చింది.

లాడ్ బజారుకు మరో ప్రత్యేకత ఉంది. రంజాన్ నెలలో ఆ వీధి రాత్రంతా నడుస్తుంది. 2018, 2019 సంవత్సరాల్లో రంజాన్ మే నెలలోనే వచ్చింది. రాత్రి పదకొండు గంటలకు ఇదే దుకాణంలో ఇరవై మంది ఉన్నారనుకోండి. మనుషుల పద్దే 9,000. దీపాలు అంతే. తలుపు మూయడం ఉండదు గనుక గాలి రెట్టింపు, బయట 88 ఫారెన్‌హీట్ ఉన్నా అది 4,000. శ్లాబు ఇంకా వదులుతున్న వేడి 2,000. అద్దం, గోడ కలిసి 1,800. మొత్తం ఇరవై వేలు దాటింది. సూర్యుడు లేకపోయినా మధ్యాహ్నపు లెక్కకు దాదాపు సమానం. అందుకే నివేదికలో టన్నుల కంటే ముందు, ఏ నెల, ఏ గంట, ఎంతమంది అన్నది రాయాలి. అవి లేని టన్నుల అంకెను ఎవరూ సరిచూడలేరు, తరువాత వచ్చే ఇంజనీరు దిద్దలేడు.

కంప్యూటరు వచ్చింది, ప్రశ్న మిగిలింది

1970ల నుంచే అమెరికాలో ఈ లెక్కలు కంప్యూటరు మీదికి వెళ్లాయి. మన దగ్గర తరువాతి దశాబ్దాల్లో మెల్లగా వచ్చాయి. 2001లో వచ్చిన ఎనర్జీప్లస్ అనే ప్రోగ్రాము ఏడాదిలోని 8,760 గంటలకూ వేడి లెక్క వేసిపెడుతుంది. మేము ఒక్క గంట లెక్కకు ఒక పూట తీసుకునేవాళ్లం. 2004 జులైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు హైదరాబాదులో ప్రారంభించిన సిఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్, గాలి గోపురాలతో, నడుమ వాకిలితో కట్టబడి, అమెరికా వెలుపల ప్లాటినం స్థాయి గుర్తింపు పొందిన మొదటి భవనంగా పేరు తెచ్చుకుంది. అక్కడ వాడినవి చాలావరకు చౌమహల్లాలో పాతవే. 2007లో కేంద్రం వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నియమావళి తెచ్చింది. 2018 డిసెంబరులో నివాస భవనాలకు మరొకటి తెచ్చి, గోడలు కిటికీల గుండా లోపలికి వచ్చే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల హద్దు పెట్టింది.

లోపల ఎంత చల్లదనం కావాలన్న దాని మీద కూడా మన ఊళ్లోనే పరిశోధన జరిగింది. మాధవి ఇంద్రగంటి గారు హైదరాబాదు అపార్టుమెంట్లలో నివసించేవారిని అడిగి, కొలిచి, వారికి సుఖంగా ఉండే ఉష్ణోగ్రత 29 డిగ్రీల ప్రాంతమని 2010లో ప్రచురించారు. మేము కళ్లు మూసుకుని రాసిన 24 డిగ్రీలు చలి దేశపు పుస్తకంలోంచి వచ్చినవి. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలు మొదటగా 24 వద్దే ఆన్ కావాలని నిబంధన వచ్చింది. అంతకు ముందు చాలామంది 18, 20 పెట్టుకునేవారు గనుక అదీ ఒక మెట్టే.

షీటులో లేని గడి

ఇంతవరకు చెప్పినది లోపలి లెక్క. ఇప్పుడు బయటికి వద్దాం.

లాడ్ బజారు వెనుక గల్లీల్లోకి వెళితే లక్క గాజుల కార్ఖానాలు ఉంటాయి. చిన్న గది, మధ్యలో బొగ్గుల కుంపటి. లక్కను వేడి మీద మెత్తబరిచి, కడ్డీగా సాగదీసి, చుట్ట చుట్టి, చల్లారకముందే ఒక్కొక్క రాయినీ చేత్తో అతుకుతారు. ఆడవారు, మగవారు కూర్చుని చేసే పని. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు తెచ్చినది ఆ గదులే. అర కిలో బొగ్గు గంటలో కాలితే నాలుగు కిలోవాట్ల వేడి. ఒక టన్నుకు పైమాట. మా ఇ-20 ఫారం ఆ గదికి ఎన్నడూ వెళ్లలేదు. వెళ్లినా అక్కడ ఏసీ పెట్టడానికి లేదు. కుంపటి ఉన్న గదిని మూసివేస్తే బొగ్గు పొగలోని విషవాయువు ప్రాణం తీస్తుంది. అక్కడ కావలసినది కుంపటి మీద గొట్టం, పొగ లాగే ఫ్యాను, పైన తెల్లటి కప్పు.

అలాంటి ఒక కార్ఖానాలో ఒక పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. వెనుక గోడ మీద బిగించిన దుకాణం ఏసీ బయటి యూనిట్లను చూపించి, ఈ వేడిని మీరు ఏ పుస్తకంలో రాసుకుంటారు సాబ్ అని అడిగారు. ఆయన చదువుకున్నవారు కాదు. అయినా షీటులో ఏ గడి లేదో ఒక్క మాటలో చెప్పారు.

యంత్రం వేడిని మాయం చెయ్యదు, చోటు మారుస్తుంది. పైగా తాను తిన్న కరెంటును కూడా వేడిగా దానికి చేర్చి బయటికి ఊదుతుంది. మన రెండు టన్నుల దుకాణం తీసుకోండి. లోపలి నుంచి తోడినది 24,000 బిటియులు. కంప్రెసరు, ఫ్యానులు తిన్నది సుమారు 2.3 కిలోవాట్లు, అంటే మరో 8,000. మొత్తం 32,000 బిటియులు, 9.4 కిలోవాట్లు, గల్లీలోకి వెళుతుంది. కిలోవాటు కాయిల్ పొయ్యిలు తొమ్మిదింటిని గల్లీలో వెలిగించినట్లు. అలాంటి పది దుకాణాల వెనుక భాగాలు ఒకే ఇరుకు సందులోకి తెరిస్తే తొంభైకి పైగా పొయ్యిలు. వాటి వేడిగాలిని పక్క దుకాణపు యూనిటే మళ్లీ పీల్చుకుంటుంది. బయటి గాలి వేడెక్కేకొద్దీ యంత్రం చల్లబరిచే శక్తి తగ్గుతుంది, తినే కరెంటు పెరుగుతుంది. ఎదురుగా కుంపటి దగ్గర కూర్చున్నవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2015 మే వడగాలుల్లో దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. వేడి లెక్క అంటే సౌఖ్యం లెక్క మాత్రమే అనుకునే కాలం దాటిపోయింది.

బయటికి పోయే వేడి ఎంతో తెలియక ఆ గడి పెట్టలేదని అనలేము. ఆ అంకె ప్రతి యంత్రం ఎంపికలోనూ తయారుగా ఉంటుంది. కండెన్సరు సైజు తేల్చడానికి వాడతారు. కాని అది ఎక్కడికి పోతున్నది, ఎవరి కిటికీ ముందు పడుతున్నది అని రాసే చోటు నివేదికలో లేదు. పై అధికారి చెప్పిన సున్నాకు, ఖాళీకి ఉన్న తేడా నాకు ఇక్కడే గుర్తొచ్చింది. గల్లీకి వెళ్లే వేడి సున్నా కాదు. ఆ గడి ఖాళీ.

చెయ్యదగినవి

మొదటిది, హీట్ లోడ్ నివేదిక చివర రెండు వరుసలు కలపాలి. బయటికి పంపే వేడి ఎంత, ఏ దిక్కుకు, ఎంత ఎత్తున అని. ఇది ఖర్చు లేని పని. ఆ వరుస రాయవలసి వస్తే యూనిటును గల్లీ గోడ మీద కాకుండా మిద్దె మీదికి చేర్చాలన్న ఆలోచన ఇంజనీరుకే వస్తుంది. పైన గాలి ఆడుతుంది, వేడి తేలిపోతుంది.

రెండవది కప్పు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2023-28 కాలానికి కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు ఆ పైన ఉన్న స్థలాల ఇళ్లకు అది తప్పనిసరి. పాతబస్తీ ఇళ్లు చాలావరకు అంతకంటే చిన్నవి. తప్పనిసరి కాదు కదా అని ఆగకుండా అక్కడే ముందు వెయ్యాలి. హైదరాబాదులోనే అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారు కలిసి కొలిచి 2012లో ప్రచురించిన ఫలితం ప్రకారం, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చల్లబరిచే కరెంటులో 10 నుంచి 19 శాతం ఆదా అయింది. ఏసీ లేని కార్ఖానాలో ఆ ఆదా బిల్లులో కనిపించదు. కూర్చున్నవారి ఒంటికి తెలుస్తుంది.

మూడవది మన సంఘం చెయ్యగల పని. మన సభ్యుల్లో ఎయిర్ కండిషనింగ్, ఎలక్ట్రికల్, సివిల్ విభాగాలలో ముప్పై ఏళ్లు లెక్కలు వేసినవారు ఉన్నారు. మన చేతుల్లో ఇంకా పెన్ను ఆడుతోంది. వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఎండ ముదరకముందే, లాడ్ బజారు వెనుక గల్లీల్లో పది కార్ఖానాలకు వెళ్లి కప్పు వైశాల్యం, కుంపట్ల సంఖ్య, కూర్చునే మనుషులు, ఎదురుగా ఉన్న యూనిట్లు రాసుకుని, ఒక్కొక్కదానికి ఒక షీటు తయారుచేసి సంబంధిత అధికారులకు ఇద్దాం. గదికి ఎంత గొట్టం, ఎంత ఫ్యాను, ఎన్ని డబ్బాల తెల్లరంగు కావాలో అందులో ఉంటే, చెయ్యాలనుకున్నవారికి పని సులువవుతుంది. ఆసక్తి ఉన్న మిత్రులు రాబోయే నెలవారీ సమావేశంలో తమ పేర్లు నమోదు చేయించుకోవలసిందిగా కోరుతున్నాను. స్లైడ్ రూళ్లు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే వెంట తెచ్చుకోండి. కొత్తవారికి చూపిద్దాం.